పసితనంలో పలకరింపు కరువైతే మెదడుకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

దత్తతకు సిద్ధమవుతున్నవారు, శిశు గృహాల్లో పనిచేసే ఆయాలు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆస్పత్రిలో ఉన్న తల్లిదండ్రులు, పాపను ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో చాలా భాగం రుమేనియా అనాథాశ్రమాల పిల్లల దగ్గర తెలిసినవే. వాళ్లు పడ్డ బాధ ఇంకో బిడ్డ పడకూడదు. ఈ పేజీ అందుకే.

పసిబిడ్డ విషయంలో ‘ఒంటరితనం’ అంటే ఏమిటి? చుట్టూ మనుషులు లేకపోవడమా?

కాదు. ఇరవై ఉయ్యాలలున్న గదిలో, ఇద్దరు ఆయాలు తిరుగుతూ ఉన్నా బిడ్డ ఒంటరిగానే ఉండొచ్చు. ఇక్కడ ఒంటరితనం అంటే బిడ్డ చేసినదానికి బదులు రాకపోవడం. ‘ఉంగా’ అంటే ఎవరూ ‘ఉంగా’ అనరు. ఏడిస్తే ఎవరూ ఎత్తుకోరు. నవ్వితే చూసే మొహం ఉండదు.

ఇద్దరు పిల్లలకు పాలు పట్టడం చూడండి. మొదటి బిడ్డకు సీసాను దిండుకు ఆనించి, నోట్లో పెట్టి, ఆయా పక్క మంచానికి వెళ్లిపోయింది. పాలు అయిపోయాయి. బిడ్డ ఖాళీ సీసానే చప్పరిస్తోంది, చూపు పైకప్పు మీద. రెండో బిడ్డను ఒళ్లోకి తీసుకున్నారు. నాలుగు గుక్కలు తాగి ఆగాడు, ఆయా మొహంలోకి చూశాడు. ‘ఏం నాన్నా, చాలా?’ అందామె. కాళ్లు ఆడించాడు. ‘ఇంకా కావాలా, తాగు మరి’ అంది. మళ్లీ చప్పరించడం మొదలుపెట్టాడు. ఇద్దరి కడుపులోకీ వెళ్లింది 120 మిల్లీలీటర్లే. కానీ రెండోవాడికి, తాను అడిగితే లోకం పలుకుతుందని కూడా తెలిసింది. రోజుకు ఎనిమిదిసార్లు, నెలల తరబడి తెలుస్తూనే ఉంటుంది. (సీసాను దిండుకు ఆనించి వదిలేస్తే పొలమారే ప్రమాదం, చెవి ఇన్‌ఫెక్షన్లు వచ్చే ప్రమాదం కూడా ఉన్నాయి. ఎంత పని ఒత్తిడిలోనైనా అలా చేయకూడదు.)

పాలు, నిద్ర సరిపోతే మెదడు దానంతటదే పెరగదా?

కొంతే పెరుగుతుంది. పుట్టేసరికే న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చాలావరకు తయారై ఉంటాయి. తొలి రెండు మూడేళ్లలో మెదడు అంత వేగంగా పెరగడానికి కారణం ఆ న్యూరాన్ల కొమ్మలు, కొమ్మల మధ్య కుదిరే సినాప్సులు అనే అతుకులు, పొడవాటి తీగల మీద చుట్టుకునే మైలిన్ అనే కొవ్వు పొర. సినాప్సులు మొదట అవసరానికి మించి పుడతాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. కూరపాదును పందిరికి ఎక్కించినట్టే. పాదు పెరిగే గుణం విత్తనంలోనే ఉంది, కానీ పందిరి లేకపోతే నేల మీదే చుట్టుకుపోతుంది.

కళ్లకు వెలుగు, చెవులకు శబ్దం అందుతాయన్న లెక్కతోనే మెదడు పుడుతుంది. అలాగే తనను పట్టించుకునే మనిషి ఉంటారన్న లెక్క కూడా అందులో ఉంది. ఆ మనిషి లేనప్పుడు రెండు నష్టాలు. ఒకటి, భాష, చూపు, భావాలకు సంబంధించిన దారులు పనిలేక పలచబడతాయి. రెండు, ఒత్తిడి తగ్గే మార్గం మూసుకుపోతుంది. చంటిబిడ్డ తనంతట తాను ఊరట పొందలేదు. ఎత్తుకున్న చేయి, గుండె మీద వెచ్చదనం, జోలపాట ఆ పని చేస్తాయి. అవి లేకపోతే ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ అనే హార్మోన్ వ్యవస్థ తీరు మారిపోతుంది.

ఇది మనుషుల్లో నిజంగా రుజువైందా?

అయింది. రుమేనియాలో నికోలాయ్ చౌషెస్కూ ప్రభుత్వం 1966లో 770వ నంబరు డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపు నిషేధించింది. జనాభా పెంచాలన్నది ఆశయం. పెంచే స్తోమత లేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలేశాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షమందికి పైగా పిల్లలు అక్కడ ఉన్నారు. ఒక్కో ఆయాకు పది మందికి పైగా పసివాళ్లు. గడియారం ప్రకారం పాలు, గడియారం ప్రకారం గుడ్డలు మార్చడం, మధ్యలో తెల్లగోడలు.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికా పరిశోధకులు బుకారెస్ట్‌లోని ఆరు ఆశ్రమాల నుంచి 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో సగం మందిని, అంటే 68 మందిని, కొత్తగా ఏర్పాటు చేసి శిక్షణ ఇచ్చిన 56 ఫాస్టర్ కుటుంబాలకు (దత్తత తీసుకోకుండానే బిడ్డను తమ ఇంట్లో పెంచేవారికి) పంపారు. మిగతా 68 మంది అప్పటి ఏర్పాటులోనే ఉన్నారు. వాళ్లకు ఏ కుటుంబం దొరికినా వెళ్లేందుకు అడ్డు పెట్టలేదు. అప్పటికి బుకారెస్ట్‌లో ప్రభుత్వ ఫాస్టర్ కేర్ దాదాపు లేదు, కాబట్టి ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఉన్న అవకాశం పోలేదు. తల్లిదండ్రుల దగ్గరే పెరిగిన పిల్లలను పోలిక కోసం మూడో బృందంగా తీసుకున్నారు.

లాటరీ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ‘బలహీనంగా ఉన్న పిల్లలే ఆశ్రమంలో మిగిలిపోతారు, అందుకే వెనకబడ్డారు’ అనే వాదన దానితో వీగిపోతుంది. 42 నెలల వయసులో ఎదుగుదల పరీక్షలో ఆశ్రమ బృందం సగటు 77, ఫాస్టర్ బృందానిది 86 దగ్గర, సొంత ఇంట్లో పెరిగినవారిది 103. ఒక పెద్దమనిషితో భద్రమైన అనుబంధం ఏర్పడినవారు ఆశ్రమంలో ఆరుగురిలో ఒకరు, ఫాస్టర్ ఇళ్లలో దాదాపు సగం, సొంత ఇళ్లలో మూడింట రెండొంతులు.

మెదడులో కంటికి కనిపించే తేడా ఉంటుందా?

ఉంటుంది. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి తీసే ఈఈజీలో ఆశ్రమ పిల్లల మెదడులో ఆల్ఫా తరంగాల బలం తక్కువ, థీటా తరంగాల బలం ఎక్కువ. పిల్లలు ఎదిగేకొద్దీ ఆల్ఫా పెరగాలి. అంటే వీళ్లది వయసుకు తగినంతగా ముదరని మెదడు. రెండేళ్లలోపు ఫాస్టర్ ఇళ్లకు వెళ్లినవారికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆల్ఫా ఇంచుమించు మామూలు స్థాయికి వచ్చింది.

ఎంఆర్‌ఐలో చూస్తే ఆశ్రమంలో కొన్నాళ్లున్న ప్రతి బృందంలోనూ న్యూరాన్లు గుమిగూడే గ్రే మ్యాటర్ తక్కువగానే ఉంది. తీగల భాగమైన వైట్ మ్యాటర్ మాత్రం ఫాస్టర్ ఇళ్లకు వెళ్లినవారిలో చాలావరకు కోలుకుంది. మెదడులో ఒక భాగం తిరిగి అందుకుంటుంది, ఇంకొకటి అంత సులభంగా అందుకోదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ‘అంతా పోయింది’ అనడం ఎంత తప్పో, ‘ప్రేమిస్తే అంతా సరైపోతుంది’ అనడం అంతే తప్పు.

బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్న రుమేనియా పిల్లలను మైకేల్ రటర్ అనే మనోవైద్యుడి బృందం చిన్ననాటి నుంచి అనుసరించింది. వాళ్లు యువకులయ్యాక 67 మందికి స్కాన్ తీసి 2020లో ఫలితాలు ప్రకటించారు. బ్రిటన్‌లోనే పుట్టి దత్తతకు వెళ్లినవారి కంటే వీళ్ల మెదడు పరిమాణం సగటున 8.6 శాతం తక్కువ. ఆశ్రమంలో గడిపిన ప్రతి అదనపు నెలకూ దాదాపు 3 ఘనపు సెంటీమీటర్లు తగ్గుతూ వచ్చింది. మంచి కుటుంబంలో ఇరవై ఏళ్లు పెరిగాక కూడా!

అది తిండి లేక వచ్చిన నష్టం కాదా?

న్యాయమైన సందేహం. ఆశ్రమాల్లో చాలామంది బక్కచిక్కి ఉన్నమాట నిజం. కానీ బరువు సరిగా ఉన్న పిల్లల్లో కూడా ఎక్కువ నెలలు ఆశ్రమంలో ఉన్నవారి తల చుట్టుకొలత తక్కువగా ఉంది. 2020 స్కాన్ల విశ్లేషణలోనూ పోషణ లోపాన్ని లెక్కలోంచి తీసేసినా తేడా మిగిలింది. పాలు ముఖ్యమే, కానీ పాలు పట్టే మనిషికి పాలు ప్రత్యామ్నాయం కావు.

జంతువుల ప్రయోగాలు ఏం చెబుతున్నాయి?

మనుషుల్లో చూడలేని సూక్ష్మ వివరం అక్కడ దొరుకుతుంది. పాలు మాన్పించిన 21వ రోజు నుంచి 35వ రోజు వరకు, అంటే రెండే వారాలు, ఎలుకపిల్లను ఒంటరిగా ఉంచితే మెదడు ముందు భాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో మైలిన్ పలచబడింది. మైలిన్ చుట్టే ఆలిగోడెండ్రోసైట్ కణాలకు కొమ్మలు తగ్గాయి. తర్వాత తోటి ఎలుకలతో కలిపినా ఆ లోటు పూడలేదు. 35వ రోజు తర్వాత అలాగే ఒంటరిగా ఉంచితే ఆ నష్టం కనిపించలేదు. ఈ ఫలితం 2012లో వచ్చింది. నష్టం ఎంత అన్నది ఎన్నాళ్లు ఒంటరిగా ఉంది అన్నదానితో పాటు ఏ వయసులో అన్నదాని మీద కూడా ఆధారపడుతుందని దానితో తేలింది. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో పెద్ద ఎలుకలను ఎనిమిది వారాలు విడిగా ఉంచితే మైలిన్ తగ్గింది, తిరిగి గుంపులో చేరాక కోలుకుంది.

అంతకు చాలా ముందు అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త కోతిపిల్లలను ఆరు నెలలు, ఏడాది పూర్తి ఏకాంతంలో పెంచాడు. అవి తమను తామే కౌగిలించుకుని ఊగుతూ, తోటి కోతులను చూసి ముడుచుకుపోయాయి. ఆ క్రూరత్వాన్ని ఎవరూ సమర్థించలేరు, మళ్లీ ఎవరూ చేయకూడదు. కానీ 1972లో ప్రకటించిన ఒక ఫలితాన్ని మరచిపోకూడదు. ఆరు నెలలు ఏకాంతంలో ఉన్న కోతులతో మూడు నెలల వయసున్న పిల్లకోతులను కలిపారు. ఆ చిన్నవి మీద పడి హత్తుకోవడం తప్ప ఏమీ చేయలేదు. పెద్దవాటి ప్రవర్తన చాలావరకు బాగుపడింది.

పలకరింపు కరువైన పసిపిల్లలు బాగా ఏడుస్తారా? ఎలా గుర్తుపట్టాలి?

చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఏడవరు. ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక ఏడవడం మానేస్తారు. నిశ్శబ్దంగా ఉన్న శిశువుల గది చూసి ‘ఎంత బుద్ధిమంతులో’ అనుకోవద్దు. రాత్రి కళ్లు తెరుచుకుని చప్పుడు లేకుండా పడుకున్న బిడ్డను చూస్తే ఆగి చూడాలి. ముందుకూ వెనక్కూ ఊగడం, తల మంచానికి కొట్టుకోవడం, కళ్లముందు తన చేతివేళ్లనే ఆడించుకోవడం, ఎత్తుకుంటే కొయ్యలా బిగుసుకోవడం కూడా గుర్తులే.

ఇంకో గుర్తు చాలామందిని మోసం చేస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ కొత్తవాళ్ల దగ్గరికి కూడా చేతులు చాస్తూ వెళ్లిపోవడం. మన ఇళ్లలో దాన్ని ‘కలుపుగోలుతనం’ అని మురిసిపోతారు. ఆ వయసులో తనవాళ్లు వదిలితే బెంగపడటం, కొత్తవాళ్లను చూసి అమ్మ కొంగు చాటుకు పోవడం సహజం. ఎవరైనా ఒకటే అన్నట్టుంటే, ఇంకా ‘నా మనిషి’ ఏర్పడలేదేమో చూడాలి.

అయితే ఇవే లక్షణాలు వినికిడి లోపంలోనూ, ఆటిజంలోనూ కనిపిస్తాయి. మొదట వినికిడి పరీక్ష చేయించండి. కారణం ఆశ్రమమేనని ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవద్దు.

ఎన్ని నెలలు దాటితే ప్రమాదం?

ఒకే గీత లేదు. బ్రిటన్‌కు దత్తత వెళ్లిన రుమేనియా పిల్లల్లో ఆరు నెలల లోపు ఆశ్రమం నుంచి బయటపడినవారు యుక్తవయసులో మిగతా దత్తత పిల్లల్లాగే ఉన్నారు. బుకారెస్ట్‌లో అనుబంధం, ఈఈజీ విషయాల్లో 24 నెలల లోపు వెళ్లినవారికి ఎక్కువ మేలు జరిగింది. మాటల విషయంలో గడువు ఇంకా ముందే, 15 నెలల దగ్గర. ఎత్తు, బరువు మాత్రం త్వరగా అందుకున్నాయి. మెదడులో ఒక్కో పనికి ఒక్కో కాలం ఉంది, వరినాట్లకు ఒక కాలం, మినుముకు ఒక కాలం ఉన్నట్టు.

అందుకే మన దేశంలో కాగితాల జాప్యం మీద కోపం రావాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, విచారణ తర్వాత వదిలేసిన బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించడానికి శిశు సంక్షేమ కమిటీకి ఉన్న గడువు రెండేళ్లలోపు పిల్లల విషయంలో రెండు నెలలు, పైబడినవారికి నాలుగు నెలలు. ఫైలు బల్ల మీద ఉన్న ప్రతి నెలా బిడ్డ మెదడులోంచి పోతున్న నెల. రుమేనియా 2004 చట్టంతో రెండేళ్లలోపు పిల్లలను ఆశ్రమాల్లో పెట్టడాన్నే, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, నిషేధించింది.

శిశు గృహంలో ఆయాలు తక్కువ. అదనపు సమయం ఎక్కడి నుంచి తేవాలి?

అదనపు సమయం అక్కర్లేదు, ఉన్న సమయం చాలు. లెక్క వేయండి. రోజుకు ఎనిమిదిసార్లు పాలు, ఒక్కోసారి 20 నిమిషాలు: 160 నిమిషాలు. ఆరుసార్లు గుడ్డ మార్చడం, ఐదేసి నిమిషాలు: 30. స్నానం: 20. మొత్తం 210 నిమిషాలు, మూడున్నర గంటలు. నలుగురు పిల్లలకు 14 గంటలు. మూడు షిఫ్టులకు పంచితే ఒక్కో ఆయాకు 4 గంటల 40 నిమిషాలు. ఈ మూడున్నర గంటలూ బిడ్డ మొహం చూస్తూ, మాట్లాడుతూ చేస్తే చాలు. అందరికీ ఒకేసారి పాలు పట్టాలనే టైంటేబుల్ వల్లే సీసాలు దిండ్లకు ఆనతాయి. కాబట్టి పాలవేళలను పిల్లపిల్లకూ 20 నిమిషాల తేడాతో జరపండి.

రెండోది డ్యూటీ చార్టు. ప్రతి బిడ్డకు ఒక ముఖ్య ఆయా, ఒక తోడు ఆయా పేరు రాయండి. ఇద్దరికీ ఒకే రోజు సెలవు పడకూడదు. స్నానం, మధ్యాహ్నం పాలు, నిద్రపుచ్చడం ఆ ఇద్దరిలో ఒకరే చేయాలి. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆశ్రమాల్లో బృందాన్ని పన్నెండు మంది నుంచి ఆరేడుగురికి తగ్గించి, స్థిరమైన ముఖ్య సంరక్షకులను పెట్టి, వాళ్లకు శిక్షణ ఇస్తే పిల్లల శారీరక ఎదుగుదల, తెలివి, అనుబంధం అన్నీ మెరుగుపడ్డాయి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ‘మరీ దగ్గరవకు, రేపు వెళ్లిపోతే ఏడుస్తావు’ అని ఆయాకు చెప్పడం మొదటి తప్పు. ఒక్క మనిషికి అలవాటైన బిడ్డ రెండో మనిషికీ అలవాటవుతుంది. ఎవరికీ అలవాటు కాని బిడ్డకే కష్టం. వయసు పెరిగిందని ఏడాదికోసారి గది, ఆయా రెండూ మార్చేయడం రెండోది. ఆదివారం వచ్చి గంటసేపు ముద్దులాడి వెళ్లే కొత్త మొహాలు మూడోది. వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ గంటలో గుడ్డలు మడిచి, సీసాలు మరగబెట్టి ఆయాను ఖాళీ చేస్తే బిడ్డకు ఎక్కువ మేలు.

దత్తత బిడ్డ ఇంటికి వస్తోంది. మొదటి వారాల్లో ఏం చేయాలి?

తీసుకొచ్చే ముందే ముఖ్య ఆయాతో కూర్చుని అడిగి రాసుకోండి: పాలు ఎంత వేడిగా తాగుతుంది, నిపుల్ రంధ్రం ఏ సైజు, ఏ పక్కకు పడుకుంటుంది, ఏ పేరుతో పిలుస్తారు, ఏం పాడితే నిద్రపోతుంది. వీలైతే ఆమె గొంతు రికార్డు చేసుకోండి. బిడ్డ పడుకున్న దుప్పటి ఉతక్కుండా తెచ్చుకోండి. ఆ వాసన తొలి రాత్రుల్లో ఆసరా.

ఇంటికి వచ్చాక నాలుగు నుంచి ఆరు వారాలు పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులు మాత్రమే చేయాలి. బంధువులు వస్తారు, చేతులు మారుస్తారు, ఫోటోలు దిగుతారు. వేడుక రెండు నెలల తర్వాత పెట్టుకోండి. ‘అత్తయ్యా, మీరు పక్కన కూర్చుని మాట్లాడండి, ఎత్తుకోవడం మాత్రం కొన్నాళ్లు ఆగుదాం’ అని ముందే చెబితే అర్థం చేసుకుంటారు.

మనవైపు కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోసే పద్ధతి ఉంది కదా, ఆ భంగిమలో బిడ్డ మొహం మీకు ఎదురుగా ఉంటుంది, ఒళ్లంతా స్పర్శ తగులుతుంది. అయితే బిగుసుకుపోయే బిడ్డకు ఒక్కసారిగా అంత స్పర్శ భయం. మొదటి మూడు నాలుగు రోజులు పాదాలు మాత్రమే. మొహం తిప్పేసుకుంటే ఆపండి, తిరిగి చూసేదాకా ఆగండి. మళ్లీ మొదలుపెట్టడం బిడ్డ చేతిలో ఉండాలి.

రాత్రి బిడ్డ మంచం మీ మంచం పక్కనే ఉంచండి. ఏడవకపోయినా, కళ్లు తెరిచి ఉంటే ఎత్తుకోండి. తిండి దాచుకునే రెండు మూడేళ్ల పిల్లలకు అందేచోట గిన్నెలో అరటిపండు ముక్కలు పెట్టండి, తిట్టొద్దు. అల్లరి చేస్తే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టే శిక్ష ఈ పిల్లలకు పనికిరాదు. పక్కనే కూర్చుని శాంతించేదాకా ఉండాలి.

నెలలు నిండని బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉంది. ఇదీ ఒంటరితనమేనా?

తాకనివ్వకుండా వారాలు గడిస్తే బిడ్డకు నష్టమే. దీనికి మందు కంగారూ పద్ధతి. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. బిడ్డకు డైపరు, టోపీ, సాక్సులు తప్ప బట్టలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, కప్ప భంగిమలో, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకెత్తి ఉంచి గుడ్డతో కట్టాలి. గడ్డం ఛాతీకి ఆనితే గాలి ఆడదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన రోజుకు 8 నుంచి 24 గంటలు. తండ్రి, అమ్మమ్మ కూడా చేయొచ్చు. మన దేశం కూడా పాల్గొన్న ఐదు దేశాల పరిశోధనలో, పుట్టిన వెంటనే మొదలుపెడితే బరువు తక్కువ పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. క్రెష్‌లో వదిలితే ఇలా అవుతుందా?

కాదు. సాయంత్రం బిడ్డ తన మనిషి ఒళ్లోకి చేరుతుంది. రుమేనియా పిల్లలకు సాయంత్రం రాలేదు. క్రెష్ చూసేటప్పుడు గోడల మీద బొమ్మలు కాదు, ఏడ్చిన బిడ్డ దగ్గరికి ఎంతసేపట్లో వస్తున్నారో, అదే ఆయా ఎన్ని నెలలుగా ఉందో చూడండి.

అమెరికాలో ఉంటున్నాం. బిడ్డను ఏడాదిపాటు అమ్మావాళ్ల దగ్గర ఉంచితే?

అమ్మమ్మ, తాతయ్య మొహం చూసి మాట్లాడే మనుషులైతే అది ఒంటరితనం కాదు. ఇబ్బంది మార్పిడి రోజుల్లో వస్తుంది. వదిలేటప్పుడు కనీసం రెండు మూడు వారాలు మీరూ ఆ ఇంట్లోనే ఉండి, స్నానం, పాలు ఒక్కొక్కటిగా అమ్మమ్మ చేతికి మార్చండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు అమ్మమ్మ కూడా వచ్చి ఉండాలి. బిడ్డ నిద్రలో ఉండగా ఆమె వెళ్లిపోవడం అస్సలు వద్దు. ఏడ్చినా కళ్లెదుటే వీడ్కోలు చెప్పాలి.

ఫోన్‌లో పాటలు, కథలు పెడితే మాటలు వస్తాయిగా?

రావు. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం పన్నెండు విడతలు చైనా భాష వినిపించింది. మనిషి ఎదుట కూర్చుని మాట్లాడితే ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషి వీడియోలో చెబితే ఏమీ నేర్చుకోలేదు. వీడియో బిడ్డ కోసం ఆగదు కదా.

నాకే మనసు బాగుండటం లేదు. బిడ్డతో మాట్లాడబుద్ధి కావడం లేదు.

ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు జబ్బు, తప్పు కాదు. నయమవుతుంది. డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఈలోపు మీ భర్త దగ్గరో, మీ అమ్మ దగ్గరో రోజుకు కొన్ని గంటలు ఆడుకుంటే బిడ్డకు లోటు రాదు.

మా బాబు నాలుగేళ్లకు మా ఇంటికి వచ్చాడు. ఆలస్యమైపోయిందా?

రుమేనియా ఆశ్రమంలో ఆరు నెలలకు పైగా గడిపి బ్రిటన్‌కు దత్తత వచ్చిన ప్రతి ఐదుగురిలో ఒకరు పాతికేళ్ల వరకు జరిగిన ఏ పరీక్షలోనూ చెప్పుకోదగ్గ ఇబ్బంది చూపలేదు. చిన్నప్పుడు తెలివి పరీక్షల్లో వెనకబడినవారు కూడా పెద్దయ్యేసరికి చాలావరకు అందుకున్నారు. మిగిలిపోయేవి ఎక్కువగా ధ్యాస నిలవకపోవడం, స్నేహాల్లో తికమక, భావోద్వేగాలు. వాటికి సాయం ఉంది, ఏ వయసులోనైనా.

ఎవరికి చూపించాలి? ఏం తీసుకెళ్లాలి?

మూడు నెలలకు మొహం చూసి నవ్వకపోయినా, తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదికి వేలు చూపడం, టాటా చెప్పడం లేకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ దా’ లాంటి రెండు మాటలు కలపకపోయినా ఆగకండి. జిల్లా ఆస్పత్రిలో బాలల ఆరోగ్య పథకం కింద నడిచే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ గురించి అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడగండి. వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఇప్పటిదాకా రాసిన బరువు, తల చుట్టుకొలత, దత్తత బిడ్డ అయితే ఎన్ని నెలలు ఎక్కడ ఉందో తేదీలతో ఒక కాగితం, ఇంట్లో ఆడుకుంటుండగా, పాలు తాగుతుండగా తీసిన రెండేసి నిమిషాల వీడియోలు పట్టుకెళ్లండి. ఆస్పత్రిలో బిడ్డ బెదిరి ముడుచుకుపోతే ఆ వీడియోలే డాక్టరుకు అసలు సంగతి చెబుతాయి. ఎక్కడైనా పసిబిడ్డ ఎవరూ పట్టించుకోని స్థితిలో కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.